కెమెరాల కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు ఇది చదువు, అల్లుడూ

అల్లుడూ,

నిన్ను కాలనీ సెక్రటరీని చేశారని నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మొదటి పనే 16 సీసీ కెమెరాలట. సంతోషం. మల్కాజిగిరిలో తొమ్మిదేళ్ళు ఇదే పని నెత్తిన వేసుకుని తిరిగాను కాబట్టి నాకు తెలిసింది నీకు చెప్పాలనిపించింది.

మేం కెమెరాలు పెట్టించిన రెండో ఏడు, పొద్దున్నే పాల కోసం వెళ్ళిన ఒక పెద్దావిడ మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుపోయారు బండి మీద వచ్చిన ఇద్దరు. ఆమె మెడ మీద గాయం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. క్రైమ్ కానిస్టేబుల్ వెంటనే వచ్చి డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ దాచే డబ్బా) ముందు కూర్చున్నాడు. చూస్తే హార్డ్ డిస్క్ పోయి 40 రోజులైంది. టీవీలో లైవ్ బొమ్మ వస్తూనే ఉంది కాబట్టి మాలో ఎవరికీ అనుమానం రాలేదు. పెట్టినతను ఏడాది దాటాక ఫోన్ ఎత్తడం మానేశాడు, మేమూ అడగడం మానేశాం. "ఇన్ని పెట్టించారు కదా బాబూ" అంది ఆవిడ, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే చెప్తున్నా, లైవ్ చూసి మురిసిపోవద్దు. ప్రతి ఆదివారం కూర్చుని ముందు రోజు తెల్లవారుజామున 5 గంటల రికార్డింగ్, వారం కిందటి రికార్డింగ్, రెండూ తీసి చూడు, ఒక్కో కెమెరాదీ. పావుగంట పని. ఏఎంసీ (ఏటా మరమ్మతుల కాంట్రాక్టు) డబ్బులు కూడా మొదటి బడ్జెట్‌లోనే పక్కన పెట్టించు, తర్వాత చందా అడిగితే ఎవరూ ఇవ్వరు.

16 వద్దు, 8 పెట్టు, మంచివి పెట్టు. కాలనీలోకి వచ్చే దారులు, పోయే దారులు లెక్కపెట్టుకో, ముందు అవన్నీ కెమెరాల్లో పడాలి. పోల్ పైన 15 అడుగుల ఎత్తున బిగిస్తే గల్లీ అంతా కనబడుతుంది గానీ దొరికేది హెల్మెట్లు, నడినెత్తులే. మొహం కావాలంటే దారికి ఎదురుగా 8, 9 అడుగుల దగ్గర కనీసం ఒకటి ఉండాలి. నంబర్ ప్లేట్ సంగతి వేరు. రాత్రి హెడ్‌లైట్ పడితే మామూలు కెమెరాలో ప్లేట్ తెల్లటి మచ్చలా వస్తుంది, దానికి విడిగా కెమెరా పెట్టించి, బండి నెమ్మదించే స్పీడ్ బ్రేకర్ మీదికి తిప్పించు.

హార్డ్ డిస్క్ దగ్గర చాలామంది మోసపోతారు. 2 మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 2 మెగాబిట్లు) రికార్డ్ చేస్తే రోజుకు దాదాపు 21 జీబీ తింటుంది. 8 కెమెరాలకు 2 టీబీ డిస్క్ పెడితే 11, 12 రోజులకే పాతది చెరిగిపోతుంది. ఊరెళ్ళి రెండు వారాలకు వచ్చి తాళం పగిలిందని చూసుకున్నవాళ్ళకు అప్పుడేం చూపిస్తావు? జనం ఎక్కువగా వచ్చే షాపులు, ఆస్పత్రులు, గుళ్ళలాంటి చోట్లకు 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రతా చట్టం 30 రోజుల ఫుటేజీ దాచమంటుంది. మనమూ ఆ లెక్కే పట్టుకుందాం, అంటే 6 టీబీ. యూపీఎస్ తప్పనిసరి, మన దగ్గర వాన పడితే ముందు పోయేది కరెంటే కదా. లెన్స్ మీద సాలెగూళ్ళు నెలకోసారి దులిపించు, లేకపోతే రాత్రి బొమ్మంతా తెల్లటి పొగలా ఉంటుంది.

డీవీఆర్ గడియారం ఫోన్ టైముతో సరిచూస్తుండు. ఒకవేళ ఏదైనా జరిగాక తేడా ఉందని తెలిస్తే మాత్రం సరిచేయకు, ఎన్ని నిమిషాల తేడానో రాసి పోలీసులకు చెప్పు. కోర్టులో ఫుటేజీ నిలబడాలంటే డీవీఆర్ చూసుకునేవాళ్ళు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అది 63వ సెక్షన్, ఆ ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపించే అంకెలు, అక్షరాల గుర్తు) కూడా రాయాలి. స్టేషన్ వాళ్ళే ఫారం ఇస్తారు, భయపడకు. టీవీ స్క్రీన్‌ను ఫోన్‌తో వీడియో తీసి పంపి పని అయిందనుకోవద్దు.

ఇంకో మాట, ఇది నీకు గట్టిగానే చెప్తున్నా. మా కమిటీలో ఒకాయన ఎవరింటి అమ్మాయి ఎన్నింటికి ఎవరి బండి దిగిందో క్లిప్ కట్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ పిల్ల వారం రోజులు బయటికి రాలేదు. దొంగ కోసం పెట్టిన కెమెరా మన పిల్ల మీదికే తిరిగింది, సెక్రటరీగా ఆ తప్పు నాదే, పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చింది నేనే. ఆ రోజే మార్చేశాను. ఇద్దరి దగ్గరే ఉంచు, డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే తీసెయ్, ఎవరు చూశారో ఎందుకు చూశారో ఒక రిజిస్టర్‌లో రాయించు. ఏ ఇంటి కిటికీ, బాల్కనీ ఫ్రేములో పడకూడదు, కెమెరా తిప్పలేకపోతే ఆ భాగం సెట్టింగ్స్‌లో నల్లగా మాస్క్ చేయించు. కెమెరాలున్నాయని బోర్డు పెట్టు.

వాచ్‌మన్‌ను తీసేద్దామని ఎవరో అన్నారటగా. ఒప్పుకోకు. బంజారాహిల్స్‌లో 2022లో తెరిచిన పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు మన కెమెరాలు కలిపినా సరే, గల్లీలో కేక వినబడితే పరుగెత్తాల్సింది మనిషే.

వచ్చే ఆదివారం పొద్దున వస్తాను. నిచ్చెన, ఒక బండి రెడీగా ఉంచు, ఏ పోల్ మీద ఎంత ఎత్తున పెట్టాలో ఇద్దరం తిరిగి సుద్దతో గీతలు పెడదాం. రాత్రి కూడా ఉంటాను, హెడ్‌లైట్ వేసి చూడాలి.

మీ మామయ్య