ఐదేళ్ల చదువు కోసం స్థలం అమ్మాలా?

ప్రశ్న: మా అమ్మాయికి గ్వాలియర్‌లోని కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థ ఏబీవీ-ఐఐఐటీఎంలో ఐదేళ్ల కోర్సులో సీటు వచ్చింది. బీటెక్ ఐటీ, ఎంబీఏ రెండూ కలిసే పూర్తవుతాయి. నాలుగేళ్ల బీటెక్ చాలదా అని ఇంట్లో వాదన. మావారి జీతం ఏడాదికి 7 లక్షలు. మా పొదుపు పోను ఇంకా 10 లక్షలు కావాలి. ఉన్న ఒక్క ఇంటి స్థలం అమ్మేద్దామా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: స్థలం జోలికి వెళ్లకండి. ఆపదకు మీకున్న ఆస్తి అదొక్కటే. పైగా అమ్మితే వచ్చే లాభంపై పన్ను కట్టాల్సి రావచ్చు.

ముందు మీ అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి: కోడ్ రాయడమే ఇష్టమా, ఒక పరిశ్రమ ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని ఉందా? మందుల ఫ్యాక్టరీలో ముడిసరకు ఎప్పుడు తెప్పించాలి, ఏ యంత్రం మీద ఏ బ్యాచ్ ముందు నడపాలి అన్నవి ఇప్పుడు ఈఆర్‌పీ (సంస్థలోని అన్ని విభాగాల పనినీ ఒకేచోట కలిపి నడిపే) సాఫ్ట్‌వేర్‌లోనే తేలుతున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ రాసేవారిలో చాలామందికి ఉత్పత్తి తెలియదు, ఉత్పత్తి చూసేవారికి డేటాబేస్ తెలియదు. మీ అమ్మాయి ఆ రెండూ తెలిసిన మనిషిగా ఎదగాలనుకుంటే ఈ చదువు సరైనదే. బీటెక్ తర్వాత విడిగా ఎంబీఏ చేస్తే మరో రెండేళ్లు పడుతుంది. ఇక్కడ ఒక ఏడాది, దాంతోపాటు ఒక ఏడాది జీతం కలిసొస్తాయి. కోడింగ్ ఒక్కటే ఇష్టమైతే మాత్రం ఐదో ఏడాది ఫీజు, ఆ ఏడాది రావాల్సిన జీతం రెండూ నష్టమే. ప్లేస్‌మెంట్ల గురించి అడిగేటప్పుడు ఈ కోర్సు వారి మధ్యస్థ జీతం (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చేది) ఎంతో అడగండి. అత్యధిక ప్యాకేజీ ఒకరిద్దరిదే.

ఇక రుణం. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థలూ ఉన్నాయి. తాకట్టు, హామీదారు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ లేకపోతే, 10 లక్షల వరకు రుణంపై మారటోరియం (వాయిదాలు ఇంకా మొదలుకాని) కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఏటా లక్ష మందికే కాబట్టి దరఖాస్తు ఆలస్యం చేయకండి.

రాయితీ రాలేదనుకునే లెక్క వేద్దాం. ఏడాదికి 2 లక్షల చొప్పున ఐదేళ్లు తీసుకుంటే, 9 శాతం సాధారణ వడ్డీ చదువు పూర్తయ్యాక మరో ఏడాది గడిచేసరికి 3.6 లక్షలవుతుంది. అది అసలులో కలిస్తే పదేళ్ల పాటు ఈఎంఐ దాదాపు 17,200. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే 12,700 లోపే. మొదటి ఏడాది నెలకు 1,500 కడితే చాలు, ఐదో ఏడాదికి 7,500 అవుతుంది. మీవారి జీతంలో ఇది మోయగలిగిన భారమే.

బయటి హామీదారు అక్కర్లేకపోయినా, తల్లిదండ్రుల్లో ఒకరు సహరుణగ్రహీతగా, అంటే అప్పు తీర్చే బాధ్యతలో భాగస్వామిగా, సంతకం చేయాల్సి ఉంటుంది. మీవారికి టర్మ్ బీమా లేకపోతే, ఆ సంతకానికి ముందే కనీసం 50 లక్షలకు తీసుకోండి.