హార్బర్‌లో వదిలేసిన డైవింగ్ సామాను వల్ల బోటు పాడైతే నష్టం ఎవరు కట్టాలి?

ప్రశ్న: మాది మరబోటు. తెల్లవారుజామున వేటకు బయలుదేరుతుంటే జెట్టీ దగ్గరే ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుని ఇంజిన్ ఆగిపోయింది. తీసి చూస్తే డైవర్ల గాలి గొట్టం, తాడు, ఒక సిలిండర్. షాఫ్ట్ వంగిపోయింది. ముందు వారం అక్కడ ఓడ అడుగు శుభ్రం చేసిన కాంట్రాక్టర్ ‘అవి మావి కావు’ అంటున్నాడు. పరిహారం వస్తుందా? ఆ సామాను అమ్మి రిపేరుకు వాడుకోవచ్చా?

జవాబు: దయచేసి అమ్మకండి. ఇతరుల వస్తువును దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 314 కింద మీ మీదే కేసు పెట్టవచ్చు. అంతకన్నా ముఖ్యం, మీకున్న బలమైన సాక్ష్యం అదే. సిలిండర్ మెడ దగ్గర చెక్కిన సీరియల్ నెంబరు, పరీక్ష తేదీ ఉంటాయి. వాటిని ఫొటో తీయండి. తుప్పు పట్టిన సిలిండర్ వాల్వు మాత్రం తిప్పవద్దు, ప్రాణాలకే ముప్పు. సామాను పోలీసులకు అప్పగించి పంచనామా రాయించండి.

మీ కేసు గెలుపు ఆ సామాను ఎవరిదో తేలడం మీదే ఆధారపడి ఉంది. ఆ వారం డైవింగ్‌కు ఎవరికి అనుమతి ఇచ్చారు, పని ముగిశాక ఎవరు తనిఖీ చేశారు అని 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. విశాఖ లాంటి మేజర్ పోర్టు (కేంద్రం కింద ఉండేది) అయితే పోర్టు అథారిటీకి, కాకినాడ లాంటిదైతే ఏపీ మారిటైమ్ బోర్డుకు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అనుమతి పత్రంలో కాంట్రాక్టర్ పేరు ఉంటే, ‘మావి కావు’ అనే మాట నిలబడటం కష్టం.

పడవలు తిరిగే దారికి అడ్డంగా సామాను వదిలేయడం న్యాయ సంహిత సెక్షన్ 285 కింద నేరం. జరిమానా 5,000 రూపాయల వరకే, అదీ ప్రభుత్వానికి పోతుంది. అయినా ఫిర్యాదు ఇవ్వండి, ఆ రికార్డు సివిల్ దావాలో పనికొస్తుంది. పరిహారం ఆ దావాలోనే రావాలి: షాఫ్ట్ బిల్లు, పోయిన వేట రోజులు, వృథా అయిన ఐసు, డీజిల్. పాత ట్రిప్పుల అమ్మకం చీటీలు దాచుకోండి. బోటుకు ఇన్సూరెన్స్ ఉంటే, నష్టం అంచనా వేసే కంపెనీ సర్వేయర్ చూసేదాకా రిపేరు మొదలుపెట్టకండి.

కాంట్రాక్టర్ మీద దావాకు మూడేళ్ల గడువు. పోర్టు అధికారుల నిర్లక్ష్యం కూడా ఉందని వాళ్లనూ చేర్చాలంటే, ఏడాదే గడువు అని వాళ్ల లాయరు లిమిటేషన్ చట్టం (దావాల గడువులు చెప్పే చట్టం) ఆర్టికల్ 72 చూపిస్తారు. కాబట్టి ఏడాది దాటనివ్వకండి. ప్రభుత్వ శాఖ ప్రతివాది అయితే రెండు నెలల ముందు నోటీసు కూడా తప్పదు.

నీళ్లలో ఇంకా గొట్టాలు మిగిలి ఉంటే ఈ రోజే పోర్టు కన్జర్వేటర్‌కు (పోర్టు నీటి దారులు చూసే అధికారి) రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. అడ్డంకులు తీయించే అధికారం ఆయనకుంది. కదలిక లేకపోతే, దారిలో అడ్డంకులు తీయించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద సబ్ కలెక్టర్‌కు లేదా ఆర్డీవోకు అర్జీ పెట్టండి. రేపు అక్కడ ఇంకో బోటు చిక్కుకుంటే, మీ అర్జీ మీద పడిన ఆ స్టాంపు వాళ్లకూ సాక్ష్యమవుతుంది.