‘ఒరిజినల్ ప్రెస్’ అని చెప్పి రీమాస్టర్ అంటగట్టారు... డబ్బు వెనక్కి వస్తుందా?

సందేహం: నాకు పాత ఎల్పీ (పెద్ద గ్రామఫోను) రికార్డులు కూడబెట్టే పిచ్చి ఉంది. మూడు నెలల క్రితం హైదరాబాద్‌లోని ఒక షాపు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ప్రకటన చూసి, 1970ల నాటి తెలుగు సినిమా పాటల ఎల్పీ తెప్పించుకున్నాను. ‘ఒరిజినల్ ఫస్ట్ ప్రెస్’ (ఆ రోజుల్లోనే మొదటి విడతగా అచ్చయిన రికార్డు) అని రాసి రూ.14 వేలు తీసుకున్నారు. స్నేహితుడి దగ్గరున్న అసలు రికార్డుతో పోల్చి విన్నాను. అందులో వీణ వేరుగా, గొంతు వేరుగా వినిపిస్తాయి. నా దాంట్లో మొదటి నుంచి చివరిదాకా అంతా ఒకే మోత. అనుమానమొచ్చి అట్ట వెనక ధర స్టిక్కర్ ఊడదీస్తే కింద బార్‌కోడ్ ఉంది. ఇది రీమాస్టర్ (పాత రికార్డింగు సౌండ్‌ను కొత్తగా సరిచేసి మళ్ళీ అచ్చేసింది) కదా అని షాపువాళ్ళను అడిగితే ‘రీమాస్టర్ అయితే ఏంటండీ, సౌండ్ ఇంకా క్లియర్‌గా ఉంది కదా, బిల్లు మీద నో రిటర్న్ అని కూడా ఉంది’ అంటున్నారు. కేసు వేయొచ్చా? రెండు రికార్డులూ వినిపిస్తూ యూట్యూబ్‌లో వీడియో పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

సమాధానం: కేసు వేయొచ్చు. కానీ మీ ఉత్తరంలో సగం వీణ గురించే ఉంది. ఫిర్యాదులో ఆ సంగతి ఒక్క వాక్యానికి మించనివ్వకండి. ఏ రికార్డు వినసొంపుగా ఉందన్నది ఎవరి చెవి వాళ్ళది. మీరు ‘మోత’ అంటే అవతలి వకీలు ‘స్పష్టత’ అంటాడు, వాయిదాలు దాని మీదే గడిచిపోతాయి. వినియోగదారుల కమిషన్ చూసేది ఒక్కటే: చెప్పిన సరుకు ఇచ్చారా, లేదా?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) ‘లోపం’ అనే మాటకు చాలా విశాలమైన అర్థం ఇచ్చింది. వ్యాపారి ఏ రూపంలో చెప్పుకున్న ప్రమాణానికైనా సరుకు తగ్గితే అది లోపమే. కాబట్టి రీమాస్టర్ నిజంగానే అసలు కంటే బాగా మోగినా మీ కేసు నిలుస్తుంది. మీరు 14 వేలు పెట్టింది క్లారిటీకి కాదు, ఆనాటి రికార్డుకి. తప్పుడు వర్ణనతో అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి కూడా వస్తుంది. తమాషా ఏమిటంటే, పాత సరుకును కొత్తదని అమ్మితే తప్పని ఆ నిర్వచనంలో విడిగా రాశారు. కొత్తదాన్ని పాతదని ఎక్కువ ధరకు అమ్మే రోజులొస్తాయని అప్పట్లో ఎవరూ అనుకొని ఉండరు!

అమెరికాలో ఇలాంటి గొడవే జరిగింది. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ పాత ఆల్బమ్‌లను మళ్ళీ మాస్టర్ చేసి ఖరీదైన ఎల్పీలుగా అమ్మేది. నేరుగా అనలాగ్ టేపు (అప్పట్లో పాట రికార్డు చేసిన అసలు టేపు) నుంచే తయారయ్యాయని కొన్నవాళ్ళు నమ్మారు. మధ్యలో పాటను కంప్యూటర్ ఫైలుగా మార్చే డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడింది. అప్పటిదాకా ఆ రికార్డుల సౌండ్‌ను మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. అయినా దావాలు పడ్డాయి, చివరికి కంపెనీ రాజీకొచ్చి, రికార్డు తిరిగిచ్చేవాళ్ళకు డబ్బు వాపసుకు ఒప్పుకుంది. చెవికి నచ్చడం వేరు, చెప్పింది ఇవ్వడం వేరు.

ఇక సాక్ష్యం. మీ కేసుకు ప్రాణం ఆ బార్‌కోడే. 1970లలో మన దేశంలో అచ్చయిన ఎల్పీ అట్టల మీద బార్‌కోడ్ ఉండేది కాదు. దాని మీదే స్టిక్కర్ పడిందంటే ‘మాకూ తెలియదు’ అనే వాదన నమ్మడం కష్టం. ఆ స్టిక్కర్ పారేయకండి. రికార్డు మధ్యలో పాట అయిపోయాక, లేబుల్ చుట్టూ నున్నటి నల్ల పట్టీ ఉంటుంది చూడండి. అది ఏ అచ్చులోదో తెలిపే నంబరు అక్కడ చెక్కి ఉంటుంది, దాన్ని టార్చి వాలుగా వేసి ఫొటో తీయండి. స్నేహితుడి రికార్డు మీది నంబరునూ అలాగే తీసి, ఆయనతో ఒక అఫిడవిట్ ఇప్పించండి. షాపు ప్రకటన, చాటింగ్, చెల్లింపు రసీదు ఇవాళే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. పోస్టు డిలీట్ చేయడం వాళ్ళకు క్షణం పని.

బిల్లు మీది ‘నో రిటర్న్’కు బెదరకండి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననడం కూడా చట్టం దృష్టిలో అనుచిత పద్ధతే. ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. కదలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు (వకీలుగా ఈ మాట నేను చెప్పకూడదనుకోండి). ధర, కొరియర్ ఖర్చు, మనోవేదనకు ఓ పది వేలు అడగండి. లక్షలు అడిగితే అసలు ఫిర్యాదుకే విలువ తగ్గిపోతుంది. ఒకవేళ మీకు అమ్మింది షాపు కాకుండా, ఇంట్లో పాత రికార్డు వదిలించుకునే మామూలు మనిషైతే ఈ దారి కుదరదు, సివిల్ కోర్టుకు వెళ్ళాల్సిందే.

వీడియో సంగతి. ఆ పాటల సౌండ్ రికార్డింగ్ మీద 60 ఏళ్ళ కాపీరైట్ ఇంకా తీరలేదు. విమర్శ, సమీక్ష కోసం కొంత భాగం వాడుకోవడానికి కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 అనుమతిస్తుంది. ఇన్ని సెకన్లని లెక్క లేదు. పోల్చడానికి ఎంత కావాలో అంతే వినిపించండి, పాట మొత్తం పెట్టకండి. షాపు పేరు చెప్పి ‘దొంగలు’ అని మాత్రం అనకండి, పరువు నష్టం కేసు ఎదురు తిరుగుతుంది. నా సలహా అడిగితే, ఫిర్యాదు తేలేదాకా వీడియో ఆపండి.

ఒకవేళ షాపువాళ్ళు ఫోన్ చేసి ‘ముందు రికార్డు పంపండి, చూసి డబ్బు వేస్తాం’ అంటే పంపకండి. డబ్బు మీ అకౌంట్‌లో పడేదాకా ఆ ఎల్పీ, అట్ట, స్టిక్కర్ మీ బీరువాలోనే ఉండాలి.