కిల్పెక్ చర్చి చూరు కింద ఆ బొమ్మలేమిటి?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో కిల్పెక్ అనే పల్లెటూరి చర్చిని ఈ మధ్య పిల్లలతో కలిసి చూసి వచ్చాము. చూరు కింద చుట్టూతా జంతువుల తలలు, వింత ముఖాలు, వాటి నడుమ చూపు తిప్పుకోవలసి వచ్చే ఒక నగ్న స్త్రీ బొమ్మ ఉన్నాయి. లోపలికి వెళితే గోడలు బోసిగా కనిపించాయి. ప్రార్థనా మందిరానికి వెలుపల ఇంత సందడి, లోపల ఇంత నిరాడంబరత ఎందుకు? ఈ శిల్పుల పనితనం ఇంకెక్కడైనా చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: మీరు చూసిన చర్చి 1140 ప్రాంతంలో, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల ఏలుబడిలో వెలసింది. హ్యూ అనే స్థానిక ప్రభువు తన కోట పక్కనే దీన్ని కట్టించాడు. ఆ కోట దిబ్బ నేటికీ చర్చికి పడమటి వైపున ఉంది. వేల్స్ సరిహద్దు అక్కడికి దగ్గరే కనుక, మరియమాత పేరుతో పాటు వేల్స్ ప్రజలకు ప్రీతిపాత్రుడైన పరిశుద్ధ డేవిడ్ పేరు కూడా ఈ చర్చికి ఉండడం సహజమే. కట్టడం చిన్నది. ఊరి జనం కూడే పొడవైన నేవ్, ఆ తరువాత గురువు ఆరాధన జరిపే చాన్సెల్, తూర్పు కొసన అర్ధవృత్తాకారంలో యాప్స్ ఒకే వరుసలో ఉంటాయి. లోపలికి సాగేకొద్దీ వెడల్పు తగ్గుతూ, చూపు దానంతట అదే బలిపీఠం మీద నిలుస్తుంది.

చూరును మోయడానికి గోడలోంచి ముందుకు పొడుచుకు వచ్చే రాళ్లను కార్బెల్స్ అంటారు. వాటి కొసలనే శిల్పులు ఇక్కడ బొమ్మలుగా మలిచారు. 1842లో వీటన్నిటి చిత్రాలూ గీసి ప్రచురించిన నాటికి 91 ఉండేవి, నేడు 85 మిగిలాయి. క్రీస్తుకు గుర్తుగా సిలువ ధరించిన దేవుని గొర్రెపిల్ల ఒక రాతి మీద ఉంటే, మరో రాతి మీద ఫిడేలు వాయించే మనిషి, ఇంకో రాతి మీద పెద్ద కళ్ల కుక్క, దాని పక్కనే చెవులు వాల్చిన కుందేలు కనిపిస్తాయి. వేటకుక్క, దాని ఎర రెండూ నేస్తాల్లా ఒక్కచోట కూర్చున్న ఆ రాయి వద్ద పిల్లలు తప్పకుండా ఆగి ఉంటారు.

మీరు అడిగిన స్త్రీ బొమ్మను షీలా నా గిగ్ అంటారు. ఇటువంటివి ఐర్లండ్‌లోనూ బ్రిటన్‌లోనూ చాలాచోట్ల ఉన్నాయి. కామవాంఛకు లోనుకావద్దని చేసిన హెచ్చరిక అని కొందరు, దుష్టశక్తులను తరిమే దిష్టిబొమ్మ వంటిదని కొందరు, సంతానానికి సంబంధించిన పాత విశ్వాసాల ఆనవాలని మరికొందరు పండితులు వివరించారు. ఫ్రాన్స్, స్పెయిన్‌లలో యాత్రికులు నడిచే దారుల్లోని చర్చిల మీద కూడా ఇటువంటి నగ్న రూపాలు ఉన్నందువల్ల, మొదటి వివరణకే బలం ఎక్కువని నా అభిప్రాయం. అయితే అదే వివరణను కుక్కకూ, కుందేలుకూ, ఫిడేలు వాద్యగాడికీ అంటగట్టడం సరికాదు. ఆ వరుసలో ఉపదేశమూ ఉంది, ఉల్లాసమూ ఉంది.

చాలామంది ఆ ఒక్క బొమ్మను ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నిజానికి ఈ చర్చికి ప్రాణం దక్షిణ ద్వారం. దాని ఎడమ స్తంభం మీద సన్నగా పొడవుగా ఉన్న ఇద్దరు యోధులు, ఒకరిపై ఒకరుగా, తీగలలో చిక్కుకుని నిలబడి ఉంటారు. వారు తొడుక్కున్న వదులైన షరాయిల ముడతలు తొమ్మిది వందల సంవత్సరాలకు దగ్గరవుతున్నా చెదరలేదు. కుడి స్తంభం పైభాగాన ఒక ముఖం నోటి నుంచి ఆకులు వెళ్లగక్కుతుంది. వెలుపలి స్తంభాల మీద పాములు ఒకదానినొకటి మింగుతూ పెనవేసుకుంటాయి. తలుపు మీది అర్ధచంద్రాకారపు రాయి మీద విస్తరించిన తీగను జీవవృక్షంగా చాలామంది భావిస్తారు. పడమటి వైపు గోడ నుంచి ముందుకు చొచ్చుకు వచ్చే డ్రాగన్ తలల్లో ఉత్తర యూరప్ సముద్ర యోధులైన వైకింగుల కళ ఛాయ ఉంది. స్థానికంగా దొరికే ఎర్ర ఇసుకరాయి గట్టిది కావడం మన అదృష్టం.

ఇక లోపలి సంగతి. చాన్సెల్ తోరణానికి రెండు పక్కలా ముగ్గురేసి పరిశుద్ధుల విగ్రహాలు నిలువుగా ఒకదానిపై ఒకటి ఉన్నాయి. ఈ అమరిక స్పెయిన్‌లోని ప్రసిద్ధ యాత్రాస్థలం సాంటియాగోలోని చర్చి ద్వారాన్ని గుర్తుచేస్తుంది. అది కాకతాళీయం కాకపోవచ్చు. ఇదే శిల్పులు పనిచేసిన, హియర్‌ఫర్డ్‌షైర్‌లోనే ఉన్న షాబ్డన్ చర్చిని కట్టించిన ఆలివర్ డి మెర్లిమండ్ సాంటియాగోకు యాత్ర చేసినవాడే. యాప్స్ కప్పులో రాతి పక్కటెముకలు కలిసే చోట మృగాల తలలు చెక్కారు, తలెత్తి చూడనివారికి అవి కనబడవు. బాప్తిస్మపు తొట్టి పెద్దది, నగిషీ లేనిది. ఇటువంటి తొట్టిని చర్చిల్లో సాధారణంగా వాకిలికి దగ్గరగా ఉంచుతారు, ఎందుకంటే సంఘంలోకి ప్రవేశం బాప్తిస్మంతోనే మొదలవుతుంది. పడమట ఉన్న చెక్క గ్యాలరీ మాత్రం తరువాతి శతాబ్దాలలో చేర్చినది.

గోడలు బోసిగా ఉండడం మధ్యయుగపు చర్చిల సహజ లక్షణమని అనుకోకండి. ఇంగ్లండ్‌లో పల్లె చర్చిల గోడల మీద కూడా రంగుల చిత్రాలు విరివిగా ఉండేవి. 16వ శతాబ్దపు మత సంస్కరణల కాలంలో వాటిలో చాలావాటికి సున్నం పూశారు. గ్లాస్టర్‌షైర్‌లోని కెంప్లీ చర్చిలో 1120 నాటి చిత్రాలు సున్నం కింద దాగి, 1872లో బయటపడ్డాయి. సింహాసనం మీద క్రీస్తు, ఆయనకు ఇరువైపులా అపొస్తలులు అక్కడ ఇప్పటికీ చూడవచ్చు.

ఈ శిల్పుల పనిని షాబ్డన్‌లో వెతికితే మీకు బాధ కలుగుతుంది. 1750లలో ఆ చర్చిని పడగొట్టి, చెక్కిన తోరణాలను అలంకారం కోసం ఆరుబయట నిలబెట్టారు. వానకు చాలా బొమ్మలు అరిగిపోయాయి. అందుకని ముందుగా హియర్‌ఫర్డ్‌షైర్‌లోనే ఉన్న ఎర్డిస్లీ చర్చికి వెళ్లండి. అక్కడి బాప్తిస్మపు తొట్టి మీద ఈటె పట్టిన ఒక యోధుడు, కత్తి పట్టిన మరొకడు తలపడుతూ ఉంటారు. వారిని కిల్పెక్ ద్వారం మీది ఇద్దరితో పోల్చి చూడమని పిల్లలకు చెప్పండి.