సందేహాలు – సమాధానాలు: మేడిచెట్టుది "సహజీవనమా"?

సందేహం (అమలాపురం దగ్గర నుంచి ఒక సైన్స్ టీచర్): రెయిన్ ఫారెస్ట్ పాఠం చెప్తూ "మేడిచెట్టూ, దాని కాయలో దూరే బుల్లి కందిరీగా సహజీవనం చేస్తాయి" అన్నానండి, క్లాసంతా ఒకటే నవ్వు. తోటి మాస్టారేమో "పరస్పర సహకారం అనండి, గొడవుండదు" అంటున్నారు. ఏది కరెక్టండీ?

సమాధానం: మీ మాట తప్పు కాదు మాస్టారూ, పిల్లల నవ్వూ తప్పు కాదు. పెళ్ళి కాకుండా కలిసుండేవాళ్ళకి పేపర్లవాళ్ళు ఆ మాట తగిలించాక పిల్లలకి అదొక్కటే తెలుసు మరి. 1954 నాటి పంచశీలలో ఐదోది కూడా "శాంతియుత సహజీవనమే", అది ఇండియా చైనాల మధ్య (నవ్వితే దానికి నవ్వాలి).

సహ అంటే కలిసి, జీవనం అంటే బతకడం, అంతే. లాభం ఎవరికి అన్నది ఆ మాటలో లేదు. 1879లో డి బారీ అనే జర్మన్ శాస్త్రవేత్త సింబయాసిస్‌ని (మన సహజీవనానికి ఇంగ్లీషు మాట అదే) వివరించినప్పుడు కూడా వేరు వేరు జాతులు కలిసి బతకడం అన్నాడే గానీ మంచీ చెడ్డా చూడలేదు, పరాన్నజీవుల్నీ అందులోనే కలిపాడు. అందుకని మీ తోటి మాస్టారి "సహకారం" చిన్న గిన్నె, అన్నీ పట్టవు.

మేడికైతే పడుతుంది లెండి. మేడికి పూలు పైకి కనపడవు, అందుకే పూత లేకుండా కాసే చెట్టుని అమరకోశం "వనస్పతి" అంది (మనకి ఇప్పుడు నెయ్యి డబ్బా గుర్తొస్తుంది, అది వేరే కథ). పూలన్నీ కాయ లోపలే, దోమ కన్నా చిన్న ఆడ కందిరీగ సన్న కంతలోంచి రెక్కలు ఊడినా సరే దూరి, పుప్పొడి అంటించి, కొన్ని పూలల్లో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోద్ది, దాని పిల్లలు పుప్పొడి మోసుకుని ఇంకో చెట్టుకి పోతాయి. మన సామెతలో పొట్ట విప్పితే కనపడే పురుగులు ఇవే, పాపం! పశ్చిమ కనుమల అడవుల్లో ఇవి లేకపోతే మేడికి గింజ లేదు, ఆ పళ్ళ మీద బతికే హార్న్‌బిల్ పిట్టకి తిండికి కటకట.

మరి మన చేలగట్ల మీద తాటిచెట్టుని చుట్టేసిన మర్రి? పిట్ట రెట్టలో పడిన గింజ మట్టల సందులో మొలిచి, వేళ్ళు నేలకి దింపి, చివరికి తాటికి ఎండ తగలనివ్వదు. రెయిన్ ఫారెస్ట్‌లోనూ మర్రి జాతి చెట్లు ఇదే పని చేస్తాయి. ఇది సహకారం కాదు, అలాగని తాటి ఒంట్లోంచి ఏమీ తాగదు కాబట్టి పరాన్నజీవీ కాదు. నన్నడిగితే "ఎక్కి నొక్కేది" అనేస్తా, పుస్తకంలో వెయ్యరు గానీ.

మామిడి కొమ్మ మీద మొలిచే బదనిక మొక్క ఇంకా తమాషా. పరాన్నజీవి అంటే ఎదుటివాడి అన్నం తిని బతికేది కదా, బదనికకి పచ్చటి ఆకులున్నాయి, అన్నం తనే వండుకుంటుంది, మామిడి దగ్గర లాగేది నీళ్ళూ లవణాలూ. పరీక్షలో పరాన్నజీవి అని రాస్తే మార్కు వేసెయ్యండి, "పరజలజీవి" అని రాసినవాడు దొరికితే మాత్రం నాకు కబురు పెట్టండి.