తర్జుమా చేసిన ప్రశ్నతో సంతోషాన్ని కొలవొచ్చా?

"సంతోషంపై రెండు దేశాల్లో సర్వే చేయాలి. ప్రశ్నలు తర్జుమా చేసుకుంటే చాలు కదా?" అని అడిగారు. చాలదు.

ఏటా వచ్చే ప్రపంచ సంతోష నివేదికనే చూడండి. అందులో ర్యాంకులిచ్చే ప్రశ్నలో ‘సంతోషం’ అన్న మాటే ఉండదు. అది అమెరికా మనస్తత్వవేత్త హ్యాడ్లీ కాంట్రిల్ 1965లో ప్రచురించిన నిచ్చెన. అడుగున 0, పైన 10. పైమెట్టు మీకు సాధ్యమైనంత మంచి బతుకు, అడుగుమెట్టు అంత చెడ్డ బతుకు. ఇప్పుడు ఏ మెట్టు మీదున్నారు? మూడేళ్ల జవాబుల సగటును బట్టే ర్యాంకు. ఆదాయం, ఆయుష్షు, అవినీతి వగైరా ఆరు అంశాలకు మార్కులేసి కూడతారని పత్రికలు ఏటా రాస్తాయి. శుద్ధ తప్పు. దేశాల మధ్య తేడా ఎందుకొచ్చిందో వివరించడానికే అవి. పైగా నిచ్చెన అనగానే మనసు డబ్బు, హోదాల వైపు పోతుంది. నిచ్చెన ఊసెత్తకుండా అడిగితే ఆ ధోరణి తగ్గిందని 2024లో వచ్చిన ఒక బ్రిటన్ అధ్యయనం చూపింది.

ప్రశ్నల వరస ఇంకా ప్రమాదం. 1988 నాటి ఒక ప్రయోగంలో విద్యార్థులకు వేసిన రెండు ప్రశ్నలు: జీవితం ఎంత సంతోషంగా ఉంది, డేటింగ్‌కు ఎన్నిసార్లు వెళ్లారు. ఈ వరసలో అడిగితే రెండు జవాబులకూ పొంతనే లేదు, సహసంబంధం (0 అంటే పొంతన లేదు, 1 అంటే పూర్తి పొంతన) -0.12. డేటింగ్ ప్రశ్న ముందు పెట్టగానే 0.66! తర్వాతి ప్రయోగాల్లో ప్రతిసారీ ఇంత తేడా రాలేదు. అయినా సరే, జీవితం మొత్తం మీద అడిగే ప్రశ్నను సర్వే మొదట్లోనే పెట్టండి. ఆరోగ్యం, అప్పులు అడిగాక పెడితే జవాబులో అవే పలుకుతాయి.

ఇక తర్జుమా. ‘సంతృప్తి’ అనగానే మన చెవికి ‘ఉన్నదానితో సర్దుకోవడం’ కూడా వినిపిస్తుంది. అందుకని ఇద్దరితో విడివిడిగా తర్జుమా చేయించి, మూలం చూడని మూడో మనిషితో వెనక్కి మూలభాషలోకి చేయించండి. అదీ చాలదు. ఓ పది పదిహేను మందికి ప్రశ్న చదివి వినిపించి, "మీకేం అర్థమైంది, ఏం ఆలోచించి ఆ అంకె చెప్పారు?" అని అడగండి. మనస్తత్వవేత్త ఎడ్ డీనర్ బృందం 1985లో చేసిన అయిదు వాక్యాల జీవన సంతృప్తి కొలమానంలో చివరిది, "మళ్లీ బతికే అవకాశమొస్తే దాదాపు ఏమీ మార్చుకోను" అన్నది, చాలాచోట్ల మిగతా నాలుగింటితో సరిగా కలవదు. మీ దగ్గరా ముందు దాన్నే అనుమానించండి.

డేటా వచ్చాక సగటులు పోల్చే తొందర వద్దు. రెండు దేశాల్లోనూ కొలమానం ఒకేలా పనిచేస్తోందా అన్న పరీక్ష మూడంచెలు: నిర్మాణం (వాక్యాలన్నీ రెండుచోట్లా ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా), వాక్యాల బరువులు (ఒక్కో వాక్యం ఆ విషయంతో రెండుచోట్లా అంతే గట్టిగా ముడిపడిందా), మొదలు బిందువులు (సంతృప్తి ఒకేలా ఉన్నవాళ్లు రెండుచోట్లా ఒకే అంకె చెబుతున్నారా). మూడోది నెగ్గకపోతే సగటుల పోలిక వదిలేయండి. రెండోది నెగ్గితే సంతృప్తికి ఆదాయంతో, స్నేహాలతో ఉన్న సంబంధాల్ని మాత్రం నిశ్చింతగా పోల్చుకోవచ్చు.