కడప ఎండల్లో ఓవర్‌క్లాకింగ్

ప్రశ్న: మాది కడప. రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, బాక్సుతో వచ్చిన కూలర్. ఓవర్‌క్లాక్ (చిప్‌ను మామూలు కంటే వేగంగా నడపడం) ఆటోమేటిక్‌గా చేయాలా, చేత్తోనా?

జవాబు: ఆటోమేటిక్కే మేలండి. చేత్తో అన్ని కోర్లకూ (చిప్‌లో పనిచేసే భాగాలకు) ఒకే వేగం బిగిస్తే, ఒక్క కోర్ పనిలో అందే 4.6 గిగాహెర్ట్జ్ పోతుంది. ముందు కూలర్ మార్చండి. మే నెలలో గదే 40 డిగ్రీలుంటే ఆ చిన్నది చాలదు. తర్వాత బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఆటోమేటిక్ ఓవర్‌క్లాక్ చేసే పీబీఓ ఆన్ చేసి, కోర్లకు వెళ్లే వోల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ నెగటివ్ 10 పెట్టండి, అంటే వోల్టేజీ కాస్త తగ్గించండి. చిప్‌కు పూర్తి పని పెట్టి పరీక్షించే సినీబెంచ్ ప్రోగ్రామ్ అరగంట నడపండి. ఈ చిప్ గరిష్ఠం 95 డిగ్రీలు. మీ ఊళ్లో 85 దాటనివ్వకండి, దాటితే పవర్ లిమిట్ (చిప్ వాడుకునే కరెంటు పరిమితి) తగ్గించండి. బెంచ్‌మార్క్‌కు నిలిచి, ఊరికే ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతుంటే వోల్టేజీ చాలట్లేదన్నమాట: నెగటివ్ 10ని నెగటివ్ 5 చేయండి. స్క్రీనే రాకపోతే కంగారొద్దు, ప్లగ్ పీకి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టండి, బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. ఒక్కటి, పీబీఓ వల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించదు.